గుడి ఊరి వాగు, మన ఊరి బోరు



సిడ్నీకి దక్షిణాన హెలెన్స్‌బర్గ్ అనే చిన్న ఊరుంది. 1985లో ప్రతిష్ఠ జరిగిన వేంకటేశ్వరుని గుడి వల్ల మనవాళ్లకు ఆ పేరు తెలుసు. ఈ వారం చెప్పేది మాత్రం ఆ ఊరి వాగు సంగతి.

అది బొగ్గు గని ఊరు. గోదావరిఖని, కొత్తగూడెం వాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు. గని దగ్గర పారే క్యాంప్ గల్లీ క్రీక్ అనే వాగు హ్యాకింగ్ నదిలో కలుస్తుంది. ఆ నది 1879 నాటి రాయల్ నేషనల్ పార్కు గుండా సముద్రం వైపు పోతుంది. 2022 వానలకు బొగ్గు మడ్డి వాగులోకి దిగి నీళ్లు నల్లబడ్డాయి. ఊరివాళ్లు, పర్యావరణ సంఘాలు ఊరుకోలేదు. శుభ్రం చేయమని ప్రభుత్వ సంస్థ గని కంపెనీకి ఆదేశాలిచ్చింది, కోర్టుకూ వెళ్లింది. కాలుష్యం మీద ఆ రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. కానీ నీళ్లు నల్లబడ్డాయని చూసి చెప్పే కన్ను కూడా ఉండాలి కదా.

కన్నే కాదు, చేతులూ కావాలి. 1986లో విక్టోరియాలో ల్యాండ్‌కేర్ అనే పని మొదలైంది. ఇరుగుపొరుగు రైతులు జట్టు కట్టి, వాగు గట్లపై కలుపు పీకి చెట్లు నాటుతారు. గట్టు కోసుకుపోకపోతే మట్టి నీళ్లలోకి రాదు.

మనకూ చట్టం ఉంది. 2002 నాటి వాల్టా. ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. మనలో ఎందరికి తెలుసు? నేను క్యాంపు నుంచి డబ్బులు పంపి మూడు బోర్లు వేయించాను, రెండు ఎండిపోయాయి. మూడోది పోస్తే పక్కాయన బోరు ఆగిపోయింది. ఇప్పటికీ మా రెండిళ్లకు మాటల్లేవు.

అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ వంటి ఏడు కరువు జిల్లాల్లో ఒకప్పుడు రైతులే వాన కొలిచి, బావుల్లో నీటిమట్టం చూసి, ఉన్న నీటికి ఏ పంట సరిపోతుందో అందరూ కూర్చుని లెక్కవేసుకున్నారు. వద్దని ఎవరినీ బలవంతపెట్టలేదు. లెక్క కళ్లముందుంటే వరి వేసే చెయ్యి తానే తగ్గింది.

ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, బోరుకు డబ్బులు అడిగితే, తాగునీటి బావి ఎంత దూరమో, పక్కవాళ్ల బోర్లు ఎంత లోతో అడగండి. తర్వాతే డబ్బులు పంపండి.

వచ్చే వారం పాస్‌పోర్టు రెన్యువల్ గురించి.