కస్టమర్ కేర్ నంబరు దాచింది ఎవరు?

"చదువుకున్నవాళ్ళు కూడా ఇలా ఎలా మోసపోతారండీ?" లంచ్ టేబుల్ దగ్గర ఈ డైలాగు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతోంది. మొన్నటిదాకా నేనూ అదే అనేవాణ్ణి లెండి.

మా బాబాయ్ రిటైరైన లెక్కల మాస్టారు. పిన్నితో కాశీ వెళ్దామని ఓ ట్రావెల్ యాప్ లో ఫ్లైట్ టికెట్లు కొన్నాడు. ఫ్లైట్ కేన్సిలైంది, రీఫండ్ రాలేదు. గూగుల్ లో ఆ యాప్ పేరు, పక్కన 'కస్టమర్ కేర్ నంబర్' అని కొట్టి, పైన కనిపించినదానికి ఫోన్ చేశాడు. అవతలివాడు మహా మర్యాదగా స్క్రీన్ షేరింగ్ యాప్ ఒకటి వేయించి, "రీఫండ్ పడాలంటే యూపీఐ పిన్ కొట్టండి సార్" అన్నాడు. కొట్టాడు. 48 వేలు హాంఫట్!

"డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదని తెలీదా బాబాయ్?" అని విసుక్కున్నా. ఆయన ఒక్కటే అడిగాడు, "సరేరా, అసలు నంబరేదో నువ్వు చూపించు."

పావుగంట వెతికా. హెల్ప్ నొక్కితే ప్రశ్నల చిట్టా, దాని కింద చాట్‌బాట్, అది తిప్పి తిప్పి మళ్ళీ ఆ చిట్టాకే. నంబరు మాత్రం లేదు.

ఇదేమీ పొరపాటు కాదు. మన ఆఫీసు భాషలో దీని పేరు 'కాల్ డిఫ్లెక్షన్'. ఒక్కో కాల్ కీ ఖర్చు, కాల్స్ తగ్గితే డాష్‌బోర్డు పచ్చగా ఉంటుంది. నా పాత ప్రాజెక్టులో ఫోన్ నంబరుని నాలుగు స్క్రీన్ల లోపలికి నెట్టిన కోడ్ రాసింది నేనే. రిలీజయ్యాక పార్టీ కూడా చేసుకున్నాం.

మనం ఖాళీ చేసిన చోట దొంగ బోర్డు పెట్టుకున్నాడు, అంతే. గూగుల్ మ్యాప్స్ లో ఎవరైనా సవరణలు సూచించొచ్చు కదా, ఆ సందులోంచి బ్యాంకుల ఫోన్ నంబర్లు మార్చేసిన సంగతి 2018లోనే మహారాష్ట్రలో బయటపడింది. స్క్రీన్ షేరింగ్ మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. అయినా తప్పు మాత్రం మా బాబాయ్ దే!

బ్యాంకువాళ్ళు "పిన్ మీరే కొట్టారు కదా" అన్నారు. 2017 జులై నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ లోనూ అంతే, ఖాతాదారు నిర్లక్ష్యంతో వివరాలు బయటికి పొక్కితే, బ్యాంకుకి చెప్పేదాకా పోయిందంతా అతని నష్టమే. మరి నంబరు దాచినవాడి నిర్లక్ష్యం? అది ఎవరి లెక్కలోకీ రాదు.

ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పండి: కస్టమర్ కేర్ నంబరు గూగుల్ లో వెతకొద్దు. టికెట్ మీదో, ఆ కంపెనీ సొంత సైట్ లోనో ఉన్నదానికే చెయ్యాలి. రైలుకైతే 139. డబ్బు పోతే క్షణం ఆలస్యం చెయ్యకుండా 1930, ఆ వెంటనే బ్యాంకు.

కానీ జాగ్రత్తలు చెప్పేసి మనం చేతులు దులుపుకుంటే కుదరదు. రేపు మీటింగ్ లో ఎవరైనా "ఆ నంబరు ఇంకాస్త కిందికి తోసేద్దాం" అంటే, ఒక్కరైనా "వద్దు" అనండి. నేను ఆ రోజు అనలేదు.

బాబాయ్, పిన్ని ఇంకా కాశీ వెళ్ళలేదు.