సొంత ఇంటికి ముందు పాస్‌బుక్

మిరప కోతల కాలంలో దర్శి చుట్టుపక్కల ఏ సంఘానికి వెళ్ళినా ప్రార్థన మనవుల్లో ఒకటి తప్పక వినబడుతుంది. "అయ్యగారూ, ఈ ఏడైనా ఇల్లు మొదలుపెట్టాలి, మా కోసం ప్రార్థన చేయండి." మనం ప్రార్థన చేస్తాం. చేయాలి కూడా. కానీ "అమ్మా, ఇంటి కోసం ఎంత కూడబెట్టారు? ఆ డబ్బు ఎక్కడ ఉంచారు?" అని మాత్రం అడగం. అది కాపరి అడిగే ప్రశ్న కాదనుకుంటాం. ఈ వారం ఆ ప్రశ్నే అడుగుతున్నాను.

ప్రభుత్వం ఇల్లు కట్టిస్తుంది గదా, మళ్ళీ పొదుపు ఎందుకు అని కొందరంటారు. జరిగింది చూద్దాం. 2020 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున, రాష్ట్రంలో పేదలకు ఇళ్ళ పట్టాల పంపిణీ మొదలైంది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం. ఇంటికి 1.80 లక్షల రూపాయల సాయం. మన విశ్వాసుల్లో ఎంతోమంది ఆ పట్టా పట్టుకుని దేవునికి స్తోత్రం చెప్పారు. అయితే చాలా ఇళ్ళు పునాది దగ్గరో, గోడల దగ్గరో ఆగిపోయాయి. ఆగిన ఇళ్ళు పూర్తి చేసుకునేందుకు 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, బీసీ కుటుంబాలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించవలసి వచ్చింది. మొదట ఇచ్చిన సాయం చాలలేదనడానికి అదే రుజువు. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో విడతలో, సొంత స్థలమున్న పేద కుటుంబానికి రాష్ట్ర వాటాతో కలిపి 2.50 లక్షలు వస్తాయి. దర్శి లాంటి నగర పంచాయతీ వాసులకు ఇది మేలే.

కానీ ఒక సంగతి గమనించాలి. ఈ సొమ్ము ఒక్కసారిగా ముందే చేతికి రాదు. పునాది పడ్డాక కొంత, గోడలు లేచాక కొంత, స్లాబు పడ్డాక కొంత. పని కనబడ్డాకే బిల్లు. అంటే మొదటి ఇటుకకు, మొదటి సిమెంటు బస్తాకు, మేస్త్రీకిచ్చే బయానాకు డబ్బు కుటుంబమే పెట్టుకోవాలి. ఇక్కడే మనవాళ్ళు మూడు రూపాయల వడ్డీకి వెళుతున్నారు. పథకం ఇల్లు ఇస్తుంది, వడ్డీ ఆ ఇంటిని తినేస్తుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో నెలకు 2,000 రూపాయల చొప్పున అయిదేళ్ళు కడితే, 2023 అక్టోబరులో అమలులోకి వచ్చిన 6.7 శాతం వడ్డీ ప్రకారం చేతికి దాదాపు 1 లక్షా 42 వేలు వస్తాయి. కట్టింది 1 లక్షా 20 వేలే. అదే 1 లక్షా 42 వేలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీ ఒక్కటే 4,260. అసలు అలాగే ఉంటుంది. నెలకు రెండు వేలు దాచలేమన్న కుటుంబమే తర్వాత నెలకు నాలుగు వేలు వడ్డీ కడుతోంది. ఈ లెక్క చెప్పకుండా ప్రార్థన మాత్రమే చేస్తే మనం కాపరిపని సగమే చేసినట్టు.

"ఆరున్నర శాతం ఏం వడ్డీ అయ్యగారూ, బయట ఇంకా ఎక్కువిస్తామంటున్నారు" అనేవాళ్ళూ ఉన్నారు. మన జిల్లాలు అగ్రిగోల్డ్‌ను అప్పుడే మరచిపోయాయా? నెలనెలా కడితే స్థలమో, దానికి తగిన సొమ్మో ఇస్తామన్న మాట నమ్మి, పలు రాష్ట్రాల్లో దాదాపు 32 లక్షల మంది డబ్బు కట్టారు. ఆ సంస్థ కూలిపోయింది. చివరికి 10 వేల లోపు కట్టినవారికి 2019 నవంబరులో, 20 వేల లోపు వారికి 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుండి చెల్లించవలసి వచ్చింది. అంతకు మించి కట్టినవారి ఎదురుచూపు సాగుతూనే వచ్చింది. ఏజెంట్లుగా వచ్చినవారు పరాయివాళ్ళు కారు. చుట్టాలు, ఇరుగుపొరుగు, కొన్నిచోట్ల ఆదివారం మన బల్ల మీద కూర్చునేవాళ్ళు. పోస్టాఫీసు పొదుపు వెనుక కేంద్ర ప్రభుత్వ హామీ ఉంది. బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల వరకు బీమా ఉంది. తక్కువ వడ్డీకి బదులుగా మనకు దొరికేది ఆ భద్రత.

అయితే ఈ పథకాలు మన బ్రతుకులకు అన్నివిధాలా సరిపోతాయని చెప్పను. మన సంఘాల్లో నెల జీతం ఎంతమందికి ఉంది? పత్తి తీతలు, మిరప కోతలు ఉన్నప్పుడు కూలి ఉంటుంది, తర్వాత ఉండదు. రైతు సంగతీ అంతే. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. అలాంటి ఏడాది నెలనెలా కిస్తీ కట్టడం కష్టం. వరుసగా నాలుగు నెలలు తప్పితే రికరింగ్ ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లో పునరుద్ధరించుకోవాలి. దీనికొక మార్గముంది. కోతల కాలంలో ఆరు నెలలవో, పన్నెండు నెలలవో కిస్తీలు ముందే కట్టవచ్చు, దానికి కొంత రాయితీ కూడా ఇస్తారు. పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్‌లో ఏడాదికి 500 నుండి 1.50 లక్షల వరకు వీలున్నప్పుడు వేసుకోవచ్చు. కాని అది పదిహేనేళ్ళ ఖాతా. ఏడో సంవత్సరం నుండి మాత్రమే కొంత తీసుకోగలం. ఇల్లు రెండేళ్ళలో కట్టాలనుకునేవారికి అది పనికిరాదు, పెళ్ళయిన కొత్తలో ఉన్న జంటకు పనికొస్తుంది.

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే మన పిల్లలకు ఈపీఎఫ్ ఉంటుంది. దానిలోంచి ఇంటికి డబ్బు తీసుకునే వీలుంది. ఆ నిబంధనలను సరళం చేస్తున్నట్టు 2025 అక్టోబరులో ప్రకటించారు కూడా. వాడుకోండి, తప్పు లేదు. కానీ అది ముసలితనపు అన్నం అని మరువకండి. ఇల్లు నిలబెట్టి, అరవయ్యేళ్ళప్పుడు పిల్లల ఎదుట చేయి చాచే స్థితి తెచ్చుకోకూడదు.

ఇక పాలకులకు ఒక మాట. బ్రిటన్‌లో యువకులు మొదటి ఇంటికోసం దాచుకునే సొమ్ముకు ప్రభుత్వం 25 శాతం కలిపే ఖాతా 2017 నుండి ఉంది. కెనడా 2023లో మొదటి ఇంటికని ప్రత్యేక ఖాతా తెచ్చింది. సింగపూర్ 1968లోనే ఉద్యోగుల ప్రావిడెంట్ సొమ్మును ప్రభుత్వ ఇళ్ళ కొనుగోలుకు అనుమతించింది. మనకు ఆడపిల్లల కోసం సుకన్య సమృద్ధి ఉంది, వృద్ధుల కోసం మరొకటి ఉంది. కూలి చేసుకునే కుటుంబం ఇంటికోసం దాచుకుంటే దానికి కొంత కలిపే ఖాతా పోస్టాఫీసులో లేదు. కట్టే ఇంటికి సాయమిస్తున్న ప్రభుత్వం, కట్టకముందే దాచుకునేవారికీ కొంత తోడ్పడితే ఆగిపోయే ఇళ్ళు తగ్గుతాయి.

ఈ మాటలు రాస్తున్నప్పుడు నన్ను నేనూ ప్రశ్నించుకోవాలి. మందిర నిర్మాణానికి మొక్కుబడులు రాయించుకుంటాం, కట్టనివారి పేర్లు గుర్తు పెట్టుకుంటాం. ఆ రాసినవారిలో వాన కురిస్తే గిన్నెలు పెట్టుకునే ఇళ్ళవారు ఎంతమందో ఎప్పుడైనా లెక్క చూశామా? గోపురం కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కించుకోవాలని ప్రభువు లూకా 14వ అధ్యాయంలో బోధించాడు. అది శిష్యత్వం గురించిన ఉపమానమే, కానీ లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదని కూడా దానిలో ఉంది. చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన ఉత్తరంలో ఇళ్ళు కట్టుకుని వాటిలో కాపురముండమన్న మాట ఉంది. దేవునికి మన పైకప్పు గురించి పట్టింపు ఉంది.

కాబట్టి కాపరులకు, సంఘ పెద్దలకు నా మనవి. నెలలో ఒక ఆదివారం ఆరాధన తర్వాత బల్ల వేసి, చదువుకున్న యవ్వనస్థుల చేత ఖాతా ఫారాలు నింపించండి. సొమ్ము ఎవరి చేతికిచ్చినా పాస్‌బుక్‌లో నమోదైందో లేదో చూసుకోమని తల్లులకు నేర్పండి. ఎంత నమ్మకస్థుడు తెచ్చినా, ప్రైవేటు డబ్బు పథకాన్ని వేదిక మీద ప్రకటించకండి. ఇల్లు కడుతున్న కుటుంబాన్ని ఆ ఏడాది మందిర చందా అడగకండి. అదీ దేవుని పనే.

ప్రభువు మీ చేతుల కష్టార్జితమును కాపాడి, మీ గృహములకు సమాధానము దయచేయును గాక.