ముసుగు వెనుక ముఖం

కావ్యనాయకునికి ఉండవలసిన గుణాలను వివరిస్తూ ప్రాచీనాలంకారికులు మహాకులీనతను కూడా వాటిలో చేర్చారు. వీరత్వం గొప్ప వంశంలోనే పుడుతుందన్న ఆ భావన సంస్కృతాంధ్ర కావ్యాలకే పరిమితమైనది కాదు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా పిల్లలు ఎంతో మక్కువతో చదివిన కామిక్స్ పుస్తకాలు కూడా పైకి చెప్పకుండానే అటువంటి నియమాన్ని పాటించాయి. అక్కడ వంశానికి బదులు జాతి ప్రమాణమైంది.

1938లో వెలువడిన సూపర్‌మ్యాన్ కథల సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షుస్టర్. వారిద్దరూ యూదు వలస కుటుంబాలలో పుట్టిన యువకులు. వారి నాయకుడు సైతం నశించిన లోకం నుంచి వచ్చిన శరణార్థియే. అయినా అతనికీ, అతని వెంట వచ్చిన సూపర్‌హీరోలలో అత్యధికులకూ శ్వేతజాతి రూపమే దక్కింది. నల్లజాతి పాత్రలు చాలాకాలం సేవకులుగా, విదూషకులుగా మిగిలిపోయాయి. 1966లో బ్లాక్ పాంథర్ ఈ కట్టడిని ఛేదించాడు. కాని అతడు కూడా తొలుత కనిపించింది ‘ఫెంటాస్టిక్ ఫోర్’ అనే ఇతరుల కథలో అతిథిగానే. ఇంటికి ఆహ్వానించడం వేరు, ఇంటిలో భాగమివ్వడం వేరు.

ఆ భాగాన్ని స్వయంగా సాధించుకొనే ఉద్దేశంతో డ్వేన్ మెక్‌డఫీ మొదలైన నల్లజాతి కళాకారులు 1993లో మైల్‌స్టోన్ సంస్థ పక్షాన కామిక్స్ ప్రచురణ ప్రారంభించారు. పాత్రలపై హక్కులు తమవద్దనే ఉంచుకొని, పంపిణీని డి.సి. సంస్థకు అప్పగించారు. వారు సృష్టించిన స్టాటిక్ విద్యుచ్ఛక్తిని వశపరచుకొన్న పాఠశాల విద్యార్థి. అతని అసలు పేరు వర్జిల్ హాకిన్స్. 1949లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదవగోరి, నల్లజాతివాడైన కారణంగా ప్రవేశం పొందలేకపోయిన వ్యక్తి పేరది. 1997లో ఆ సంస్థ కామిక్స్ ప్రచురణ నిలిచిపోయినా, ‘స్టాటిక్ షాక్’ యానిమేషన్ ధారావాహిక 2000 నుంచి 2004 వరకు టెలివిజన్‌లో ప్రసారమైంది. పుస్తకం చేరని ఇళ్లకు కూడా ఆ వీరుడు చేరాడు.

కథ బాగుంటే చాలు, నాయకుని జాతితో పనియేమి అని కొందరు ఆక్షేపిస్తారు. దశాబ్దాల పాటు నాయకులందరూ ఒకే జాతివారుగా ఉన్నప్పుడు ఈ ప్రశ్న వారికి తోచలేదు. అయితే ఈ ఆక్షేపణలో గ్రహించదగిన అంశం కూడా ఒకటుంది. వైవిధ్యాన్ని ప్రదర్శించుకోవడానికి గుంపులో ఒక మూల నిలబెట్టిన పాత్ర ఎవరి హృదయాన్నీ తాకదు. ఆ పాత్రకు తనదైన ఇల్లు, తనదైన సంఘర్షణ ఉండాలి.

2014లో సొంత కామిక్స్‌కు నాయికయైన ‘మిస్ మార్వెల్’ కమలా ఖాన్ ఇందుకు చక్కని నిదర్శనం. ఆమె జెర్సీ సిటీలో పెరిగిన పాకిస్తానీ సంతతి ముస్లిం బాలిక. అద్భుతశక్తి లభించిన తొలి ఘడియలో ఆమె బంగారు జుట్టుగల శ్వేతజాతి వీరనారిగా మారిపోతుంది. వీరత్వానికి ఉండేది ఆ రూపమేనని ఆమె అంతవరకు నమ్మింది. ఆ అరువు రూపంలో ఇమడలేక, చివరకు తన రూపంతోనే జనాన్ని రక్షించడం నేర్చుకుంటుంది. రచయిత్రి విలో విల్సన్, సంపాదకురాలు సనా అమానత్ ఇద్దరూ ముస్లిం మహిళలు కావడం వల్ల ఆ ఇంటి మాటలకూ, మందలింపులకూ సహజత్వం అబ్బింది. ఆ కథల తొలి సంపుటికి 2015లో హ్యూగో పురస్కారం లభించింది. 2022లో ఆమె కథ టెలివిజన్ ధారావాహికగా కూడా వచ్చింది.

ఇటువంటి వీరులను ఆదరించడం అల్పసంఖ్యాకులకు చేసే ఉపకారం కాదు. తనకంటె భిన్నుడైన వ్యక్తిని రక్షకునిగా ఊహించగలిగిన బాలుడు పొరుగువానిని అనుమానంతో చూడడానికి వెనుకాడతాడు. ఆ లాభం అందరిదీ. కనుక పాఠకులు, ప్రేక్షకులు చప్పట్లతో సరిపెట్టక, ఆ పుస్తకాలను కొని చదవాలి, ధారావాహికలను చూడాలి, లోపాలుంటే నిర్మొహమాటంగా విమర్శించాలి. ప్రచురణకర్తలు, నిర్మాతలు ఆ జీవితాన్ని ఎరిగిన రచయితలకు అవకాశమిచ్చి, పాత్ర వేళ్లూనుకొనేదాకా ఓపిక పట్టాలి. ముసుగు తొలగినప్పుడు కనిపించే ముఖం ఎవరిదైనా కావచ్చునని ప్రతి బాలుడూ, ప్రతి బాలికా సహజంగా అనుకొనే రోజు అప్పుడే వస్తుంది.