శాలువా కంటే ముందు రుసుము

ర్యాంకు వచ్చిన మరునాడు పిల్లవాడికి శాలువా కప్పడానికి మన సమాజంలో పెద్దల కొరత ఎన్నడూ లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో స్తంభాల వెంబడి నడిస్తే ఎన్ని అభినందన ఫ్లెక్సీలో! అదే విద్యార్థి రుసుము కట్టలేక తిరిగిన రోజుల్లో ఆ ఫ్లెక్సీపై ఉన్న పెద్దలలో ఎందరు అతని పక్కన నిలిచారు? ఈ నెల మేము ఈ ప్రశ్నను అడగదలచాము. మన ఇళ్లలో చాలామంది పేరైనా వినని ఒక పోటీని ఇందుకు ఉదాహరణగా తీసుకుంటున్నాము.

దాని పేరు ఐజెమ్. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 2003లో ఒక చిన్న తరగతిగా మొదలై, 2004లో ఐదు జట్ల పోటీగా రూపుదిద్దుకొన్నది. నేడు ప్రపంచం నలుమూలల నుండి వందలాది జట్లు వస్తున్నాయి. ముగింపు సభలు చాలాకాలం బోస్టన్‌లో జరిగాయి. 2022 నుండి పారిస్‌లో జరుగుతున్నాయి. సూక్ష్మజీవులలో కొత్త జన్యువులను అమర్చి, మనిషికి పనికివచ్చే పనిని వాటి చేత చేయించడం ఈ విద్యార్థుల సాధన. బంగారు, వెండి, కంచు పతకాలు ఇక్కడ ఒకరిని ఓడించి తెచ్చుకొనేవి కావు. నిర్ణీత ప్రమాణాలను అందుకొన్న జట్లన్నిటికీ లభిస్తాయి. ర్యాంకుల పరుగుకు అలవాటుపడిన మన పేటలకు ఈ ఒక్క సంగతి చాలు, ఆలోచించుకోవడానికి.

భారతదేశం నుండి 2006లోనే బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం (ఎన్.సి.బి.ఎస్.) జట్టు ఇందులో పాల్గొన్నది. 2009లో మరింత ఆసక్తికరమైన సంగతి జరిగింది. అదే నగరంలోని సృష్టి కళా విద్యాలయం విద్యార్థులు, అంటే జీవశాస్త్రం చదవని పిల్లలు, తొలకరి వానకు నేల విడిచే మట్టివాసనను బాక్టీరియా చేత పుట్టించే ప్రయత్నంతో పోటీకి వెళ్లారు. ఎన్.సి.బి.ఎస్. శాస్త్రజ్ఞులు వారికి చేయూతనిచ్చారు. ఆ కేంద్రాన్ని స్థాపించినవారు ఉత్తరప్రదేశ్‌లోని బస్తీలో పుట్టి, అలీగఢ్‌లో చదివిన ఒబైద్ సిద్దీఖీ. ఆయన కట్టిన సంస్థ కళావిద్యార్థులకు సైతం తలుపు తెరిచింది. పోషకుడంటే చెక్కు మీద సంతకం చేసేవాడు మాత్రమే కాడని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ మాకు తోచడం లేదు. మన తెలుగునేలపై తిరుపతి ఐసర్ విద్యార్థులు కూడా ఈ పోటీలో పాల్గొన్నారు.

అయితే ఖర్చు మాటేమిటి? జట్టు నమోదు రుసుమే వేల డాలర్లు. ముగింపు సభకు హాజరయ్యే ప్రతి విద్యార్థికీ వేరే రుసుము, వీసా, విమానం, బస. ప్రయోగశాలలో వాడే రసాయనాల లెక్క వేరు. కొంత భారాన్ని సంస్థలు మోస్తున్నాయి. ఇంటిగ్రేటెడ్ డి.ఎన్.ఏ. టెక్నాలజీస్ అనే కంపెనీ కొన్నేళ్లపాటు నమోదైన జట్లకు 20 వేల అక్షరాల నిడివిగల డి.ఎన్.ఏ.ను ఉచితంగా తయారుచేసి ఇచ్చింది. మన కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం కూడా జాతీయస్థాయి పోటీ ద్వారా ఎంపికైన జట్లకు నిధులిచ్చింది. ఇంత ఉన్నా మిగిలే లోటును జట్టు సభ్యులు తలా కొంత వేసుకొని పూడ్చవలసి వస్తే ఏమవుతుంది? ఆటో నడిపే తండ్రి కొడుకు, మిషను కుట్టే తల్లి కూతురు తమ తెలివి చాలక కాదు, తమ వంతు సొమ్ము చాలక తప్పుకొంటారు. అలా తప్పుకొన్న పేరు ఏ గణాంకంలోనూ నమోదు కాదు.

నమోదైన గణాంకమే ఎంత చేదుగా ఉందో మన పాఠకులకు తెలుసు. పేరెన్నికగన్న కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో 25 మందికి ఒక్కరు, పి.జి. స్థాయిలో 50 మందికి ఒక్కరు మాత్రమే ముస్లిం విద్యార్థులని సచార్ కమిటీ 2006లో తేల్చింది. పరిశోధక విద్యార్థులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్లు కేంద్రం 2022 డిసెంబరులో లోక్‌సభలో ప్రకటించింది. రాష్ట్రంలో మైనారిటీలకు ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం ఉన్నది, నిజమే. అది విదేశీ విశ్వవిద్యాలయంలో చేరినవారికి. ఒక జట్టుతో పోటీకి వెళ్లే డిగ్రీ విద్యార్థికి అందులో తావు లేదు. హక్కుగా రావలసినదాన్ని చందాలతో పూడ్చుకొని ఊరుకొందామని మేము అనడం లేదు. ఫెలోషిప్ పునరుద్ధరణ కోసం వినతిపత్రాలు వెళ్తూనే ఉండాలి. ఆ జవాబు వచ్చేలోగా పిల్లల వయసు ఆగదు.

మన ప్రాంతానికి దూరాలూ అడ్డు కావు. ఎల్.బి.నగర్ నుండి నాగోలు, ఉప్పల్ మీదుగా హబ్సిగూడ చేరితే, 1977లో ఏర్పడిన సి.సి.ఎం.బి. అక్కడే ఉన్నది. డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రానికి తొలి సంచాలకులుగా, తరువాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన సయ్యద్ హస్నైన్ ఈ నగరంలోనే సేవలందించారు. మనకు కొరవడినది ఈ సంస్థలకూ చైతన్యపురి, మూసారాంబాగ్ హాస్టళ్లలోని పిల్లలకూ మధ్య వంతెన. ఒక విశ్రాంత అధ్యాపకుడు, ఒక వైద్యుడు, దరఖాస్తు రాయడం తెలిసిన ఒక గుమాస్తా కలిస్తే ఆ వంతెనకు పునాది పడుతుంది. ఐజెమ్ జట్లు తమ పని ఎవరి బ్రతుకును తాకుతుందో ఆ మనుషులతోనే మాట్లాడడాన్ని ఈ పోటీ ప్రోత్సహిస్తుంది. పండ్లు త్వరగా కుళ్లకుండా చూసే మార్గాన్ని ఒక జట్టు వెతుకుతున్నదనుకొందాం. కొత్తపేట మార్కెట్‌లో తరాలుగా వ్యాపారం చేసి, ఇప్పుడు బాటసింగారం వెళ్తున్న మన పెద్దల కంటే వారికి ఎక్కువ చెప్పగలవారెవరు?

ఇక ఇచ్చే తీరు గురించి. దఫ్తరులో జీవితం గడిపినవారిమి గనుక కొంత చాదస్తంగా తోచినా చెబుతున్నాము: నగదు చేతికివ్వకండి. ప్రిన్సిపాల్ లేఖ తీసుకొని, కళాశాల ఖాతాకు చెక్కు ద్వారా ఇవ్వండి. రసీదు, ఆ తరువాత వినియోగ ధ్రువపత్రం అడగండి. అడగడం అనుమానం కాదు, పద్ధతి. అయిదు కోట్ల రూపాయలకు మించి లాభమున్న కంపెనీలు తమ సగటు లాభంలో రెండు శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలని 2013 కంపెనీల చట్టం చెబుతున్నది. విద్య ఆ జాబితాలో ఉన్నది. జీనోమ్ వ్యాలీ కంపెనీలకు కళాశాల లెటర్‌హెడ్‌పై ఉత్తరం రాయడానికి తపాలా ఖర్చు తప్ప పోయేదేమీ లేదు.

జకాత్ విషయం వేరు. తౌబా సూరా 60వ ఆయతు దాని హక్కుదారులను ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. పేద విద్యార్థి అవసరానికి ఇవ్వడం వేరు, జట్టు మొత్తానికి రుసుము కట్టడం వేరు. రెండవదానికి సదఖా, ఇమ్దాద్ సొమ్ము వాడడం మేలని మా అభిప్రాయం. సందేహముంటే ఉలమాను సంప్రదించండి. జట్టులో మన పిల్లలు ఇద్దరే ఉంటే మిగతావారికి మనమెందుకివ్వాలన్న మాట కూడా మా చెవిన పడింది. 1895లో పదహారేళ్ల సరోజిని ఇంగ్లండుకు చదువుకు వెళ్లినది నిజాం ప్రభువు ఇచ్చిన విద్యార్థివేతనంతో. ఆ బెంగాలీ బ్రాహ్మణ బాలిక తరువాత సరోజినీ నాయుడుగా దేశానికి తెలిసింది. ఇచ్చిన నాటికి ఆమె ఏ స్థాయికి ఎదుగుతుందో ఎవరికీ తెలియదు.

ఇంకొక మాట. ఎవరు ఏ సాయం చేశారో ప్రతి జట్టూ లిఖితపూర్వకంగా ప్రకటించాలన్నది ఈ పోటీ నియమం. కనుక పేరు కోసం విడిగా ఫ్లెక్సీ అక్కరలేదు. పేరు వద్దనుకొనేవారు ఆ మాట ముందే జట్టుకు చెప్పవచ్చు.

జట్ల నమోదు సంవత్సరారంభపు నెలల్లోనే మొదలవుతుంది. మన మసీదు కమిటీలు, వర్తక సంఘాలు పేటలోని డిగ్రీ, ఇంజనీరింగ్ కళాశాలల ప్రిన్సిపాళ్లకు డిసెంబరులోగా లేఖలు పంపాలి: మీ వద్ద ఇటువంటి జట్టు ఉన్నదా, లేకుంటే కట్టే ఉద్దేశమున్నదా, అందులో రుసుము కారణంగా ఆగిపోయే పిల్లలెందరు? వచ్చిన జవాబులను మా కార్యాలయానికి కూడా పంపితే, జనవరి సంచికలో ప్రచురిస్తాము.