బిగువు – సడలింపు

రాయలసీమలో ఎద్దులబండికి బరువెత్తు రైతు మూటలను లెక్కించుటతో తృప్తి చెందడు, మొగ్గు చూచుకొనును. ఇరుసునకు ముందు బరువు హెచ్చిన ఎద్దుల మెడలు నలుగును. వెనుక హెచ్చిన కాడి పైకి లేచును. అక్షరము రానివానికి సయితము తెలిసిన యీ ధర్మమును, లక్షలు వెచ్చించి వేగపు మోటారుసైకిలు కొను నేటి యువకుడు మరచుట విచిత్రము.

వీరపునాయునిపల్లె నుండి ఎఱ్ఱగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు పోవువానికి దారి తీరు తెలియనిది కాదు. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు నెఱియలు విచ్చును. దానిపై వేసిన రోడ్డు అలలు దేరును. ఆపై సిమెంటు లారీల బరువు. ఇట్టిచోట చక్రము నేలను విడువకుండుటయే ప్రాణరక్షణ. నేలను విడిచిన చక్రమునకు బ్రేకు పనిచేయదు, మలుపు తిరుగదు.

పూర్వపు మోటారుసైకిళ్లలో పెక్కింటికి వెనుక చక్రము చట్రమునకు కదలకుండ బిగింపబడి యుండెడిది. 1949 నాటి బుల్లెట్టు వెనుక చక్రమునకు పైకి క్రిందికి ఆడు అమరికతో వచ్చినది. పిదప మద్రాసులో ఆ బండి తయారీ ఆరంభమయినది. నాడు వింతయైన సౌకర్యము నేడు సామాన్యమయినది. దానిని సరిచూచుకొను శ్రద్ధ మాత్రము సామాన్యము కాలేదు.

స్ప్రింగును బిగించిన కొలది బండి గట్టిపడునని పలువురి నమ్మకము. ఇది పొరపాటు. బిగించుటచే స్ప్రింగు స్వభావము మారదు; బరువు మోయునపుడు బండి నిలుచు ఎత్తు మారును. మితిమీరి బిగించినచో చక్రము గుంతలోనికి దిగజాలక పైపైన ఎగురును. మితిమీరి సడలించినచో ప్రతి గుంతకును అడుగంటును.

కొలత కష్టము కాదు. చక్రము గాలిలో నుండునట్లు బండి నెత్తి, ఇరుసు నుండి పైనున్న ఒక గుర్తు వరకు కొలువవలెను. పిదప మనిషి కూర్చుండగా మరల కొలువవలెను. వేగపు బండ్లకు ఆ వ్యత్యాసము సుమారు 30 మొదలు 40 మిల్లీమీటర్లు; అనగా చక్రపు మొత్తము కదలికలో ఇంచుమించు మూడవ వంతు. భార్యాబిడ్డల నెక్కించుకొనునాడు బిగువు కొంత పెంచవలెను. ఒంటరిగా పోవునాడు తగ్గించవలెను.

స్ప్రింగు ఊపును అణచునది షాక్ అబ్జార్బరులోని నూనె. అది మితిమీరి అణచినచో, ఒక గుంతకు అణగిన చక్రము మరొక గుంత వచ్చులోపల తిరిగి దిగదు. చాలకున్నచో బండి బంతివలె ఎగురును. ఖరీదైన బండ్లలో దీనిని సరిచేయు మరలు కలవు. ఒక మారున ఒక మరనే, కొద్దికొద్దిగా త్రిప్పి, మొదటి లెక్కను వ్రాసియుంచుకొనుట వివేకము.

దోషము రోడ్డుదే గాని బండిది కాదని కొందరందురు. రోడ్డు బాగుపడవలసినదే. కాని అది బాగుపడువరకు ప్రయాణము ఆగదు గదా! బండి అమ్మువారు అప్పగించునాడే కొన్నవాని బరువునకు తగినట్లు సరిచేసి యిచ్చి, ఆ విధమును తెలుగున అచ్చువేసి యిచ్చినచో కొన్ని ప్రాణములైనను నిలుచును. వేగము కొనుటకు ధనము చాలును. దానిని నిలుపుకొనుటకు మొగ్గు తెలిసిన రైతు బుద్ధి కావలెను.