ఉత్తరములు దాచుకొను పుస్తకము

మా తల్లిగారు స్వర్గస్థులైన పిదప, వారి యుత్తరములను నేనొక పుస్తకమున జిగురుతో నంటించితిని. వెనుకవైపున వారు వ్రాసిన పంక్తులు మఱుగుపడెను. విప్పఁబోఁగాఁ గాగితము చినిగెను. మీకట్టి చింత కలుగకుండుఁగాక!

రెండంగుళముల పొడవును, అంగుళము వెడల్పును గల గట్టికాగితపు ముక్కను అడ్డముగాఁ బెట్టి, పై మూలలు రెంటిని క్రింది యంచు నడిమికి మడువుఁడు. త్రికోణపు సంచి యేర్పడును. ఇట్టివి నాలుగు చేసి, ఉత్తరపు మూలలకుఁ దొడిగి, మడతలున్న వైపున మాత్రమే మైదాజిగురు పలుచగా రాచి పుటపై నదుముఁడు. ఉత్తరమునకు జిగురు తగులరాదు.

పాత శుభలేఖల రంగుకాగితము లిందుల కెంతయుఁ దగును. వార్తాపత్రికల కాగితము వలదు; అది పసుపువన్నెకుఁ దిరిగి పెళుసగును.

ఇట్లు చేసినచో, వెనుకనున్న మాటలను గూడ మీ బిడ్డలు చదువఁగలరు.