కోత యంత్రం బెల్టు ఎవరి బాధ్యత?

కోవూరు ప్రాంతంలో వరి కోత నేడు చాలావరకు యంత్రాల పాలైనది. పెన్నా డెల్టాలో రబీ వరి మార్చి, ఏప్రిల్ నెలలలో ఊళ్లకు ఊళ్లు ఒక్కసారిగా కోతకు వస్తుంది. ఎడగారు పంట చేతికందే వేళకు ఆకాశాన్ని నమ్మలేము. అటువంటి సమయంలో కోత యంత్రం మడి మధ్య బెల్టు తెగి నిలిచిపోతే దానిని దురదృష్టమని సరిపెట్టుకుంటున్నాము. నా దృష్టిలో అందులో అధిక భాగం అశ్రద్ధే. ఆ అశ్రద్ధకు మూల్యం చెల్లించేది మాత్రం యంత్రంతో సంబంధం లేని రైతు.

వి-బెల్టు పుల్లీ గాడి అడుగున ఆనుకొని తిరగదు. ఏటవాలు గోడల నడుమ ఇరుక్కొని శక్తిని అందజేస్తుంది. అందువల్లనే చదును బెల్టుతో పోల్చితే దాని పట్టు సుమారు 3 రెట్లు ఉంటుంది. గాడి అడుగు అద్దం వలె మెరుస్తున్నదంటే బెల్టు కిందికి దిగి రాసుకుంటున్నదని, బెల్టుగాని పుల్లీగాని అరిగినదని గ్రహించాలి. అరిగిన పుల్లీకి కొత్త బెల్టు తొడిగి, అది నాలుగు రోజులకే పాడైనదని దుకాణదారుని నిందించడం మనకు పరిపాటి.

తెగిన బెల్టు కంటె జారే బెల్టు వల్ల నష్టమెక్కువ. తెగితే యంత్రం ఆగుతుంది, అందరికీ తెలుస్తుంది. జారినప్పుడు ఇంజను యథాప్రకారం మోగుతూనే ఉంటుంది. నూర్పిడి డ్రమ్ము వేగం మాత్రం తగ్గి, కంకి నుండి రాలని గింజ గడ్డితోపాటు మడిలో పడిపోతుంది. గాలి ఫ్యాను బెల్టు జారితే ధాన్యంలో తాలు మిగులుతుంది. బాడుగ గంటల లెక్కన ఉన్నచోట యంత్రం ఎంత నెమ్మదిస్తే రైతుకు అంత ఖర్చు. ఇక డ్రైవరుకైతే బెల్టు బిగించే పావుగంటకు ప్రతిఫలం లేదు. ఈ ఏర్పాటులో బెల్టును ఎవరు పట్టించుకుంటారు?

పరీక్షకు పెద్ద పనిముట్లు అక్కరలేదు. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, రెండు పుల్లీల నడుమ బెల్టును బొటనవేలితో నొక్కి చూడాలి. ట్రాక్టరు ఫ్యాను బెల్టు సాధారణంగా 10 నుండి 15 మి.మీ. దిగాలి, పొడవైన కోత యంత్రపు బెల్టులకు తయారీదారు పుస్తకంలోని కొలతయే ప్రమాణం. అతిగా బిగిస్తే వాటర్ పంపు, డైనమో బేరింగులు చెడిపోతాయి. కొత్త బెల్టు తొలి కొద్ది గంటలలోనే కొంత సాగుతుంది కాబట్టి మరల బిగించాలి. జంటగా నడిచే బెల్టులలో ఒక్కదానినే మార్చితే కొత్తది బిగువుగా ఉండి బరువంతా మోస్తుంది. పుల్లీల ముఖాలపై పురికొస లాగి పట్టి, అవి ఒకే వరుసలో ఉన్నవో లేవో చూడవచ్చు. గడ్డపారతో పెగల్చి బెల్టు ఎక్కించడం మానాలి. లోపలి దారాలు అప్పుడే తెగుతాయి, బెల్టు తెగేది మాత్రం తరువాత.

కూత వినబడగానే బెల్టుకు సబ్బు రుద్దేవారున్నారు. కూత ఆగవచ్చు, జారుడు ఆగదు. ఇంటి ముందున్న కారు విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతున్నది. నేటి కార్లలోని వెడల్పాటి గాడుల బెల్టు రబ్బరు పాతదాని వలె త్వరగా పగుళ్లు చూపదు, లోలోపల అరుగుతుంది. పగుళ్లు లేవు గనుక బాగున్నదనుకుంటే అది వాటర్ పంపునూ ఆల్టర్నేటరునూ దారిలోనే ఆపివేయగలదు.

నూర్పిడి యంత్రాల వల్ల చేతులు పోగొట్టుకునే ప్రమాదాలను దృష్టిలో ఉంచుకొని మన దేశం 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసినది. అయినా తిరిగే బెల్టుపై కప్పు తీసివేసి, భుజాన తువ్వాలుతో దాని చెంత నిలబడేవారు నేటికీ కనిపిస్తారు. విస్తరణ రంగంలోని మనము విత్తనం, ఎరువు, పురుగుమందులకు కేటాయించే శిక్షణ సమయంలో ఒక పూటను బెల్టు విప్పి బిగించే పనికి ఇవ్వలేమా? శిక్షణకు వచ్చిన ప్రతి యువకుని చేతితో ఆ పని చేయించాలి, చూపించి పంపితే చాలదు.

బాడుగ ఒప్పందాన్నీ సవరించుకోవాలి. మడిలో దిగకముందు బెల్టులు, పుల్లీలు, కప్పులు రైతు సమక్షంలో చూడాలి. ఆ అరగంటకు రైతు కూడా బాడుగ ఇవ్వాలి. అదనపు బెల్టుల జత యంత్రంపైనే ఉండాలి. జత లేని యంత్రాన్ని కోతకు పిలవబోమని ఊరి రైతులు కలిసి చెప్పగలిగితే, వచ్చే రబీ కోతలకే మార్పు మొదలు కావచ్చు.